అల్లుడా, ఆ బంగారు అంచు డైరీ ఎవరికన్నా ఇచ్చెయ్

అల్లుడా,

మొన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, నువ్వు కరీంనగర్‌లో గట్టి అట్టది, బంగారు అంచుది డైరీ కొన్నావని, వారమైనా మొదటి పేజీ ఖాళీగానే ఉందని. అది ఎవరికన్నా ఇచ్చెయ్. తేదీలు అచ్చేసిన డైరీలో నాలుగు రోజులు రాయకపోతే ఆ ఖాళీ పేజీలు మనల్ని వెక్కిరిస్తాయి, ఐదో రోజు తెరవబుద్ధి కాదు. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ తెచ్చుకో. తేదీ, వారం, ఊరు నువ్వే రాసుకో. రాయని రోజులను తర్వాత కూర్చుని నింపకు, అది అబద్ధాల పని.

నాకు ఈ అలవాటు రైల్వేలో అంటింది. కాజీపేటలో గూడ్స్ గార్డుగా ఉన్నప్పుడు మాకు రఫ్ జర్నల్ ఉండేది, బండి ఏ స్టేషన్‌కు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, అంతే. చల్లగాలి మనసును తాకిందని అందులో రాస్తే పిలిచి మరీ తిట్టేవాళ్లు. ఇంటి నోట్‌బుక్ కూడా అట్లనే మొదలుపెట్టాను: టైము, చోటు, ఏం జరిగింది, పక్కన ఎవరున్నారు.

ఇంటి సంగతులు రాయాలా, దేశం సంగతులు రాయాలా అని అడిగావట. రెండూ ఒకే పేజీలో రాయి. పెద్ద వార్త ఎట్లాగూ పేపర్లో వస్తుంది, అది విన్నప్పుడు నువ్వెక్కడున్నావో మాత్రం ఏ పేపరూ వెయ్యదు. 2016 నవంబర్ 8న, నోట్ల రద్దు రాత్రి, నేను ఇంట్లో టీవీ ముందున్నానని, మీ అత్తమ్మ పోపుల డబ్బాలోంచి ఐదువందల నోట్లు తీసి నా ముందు పోసిందని ఏళ్ల తరబడి అందరికీ చెప్పాను. నోట్‌బుక్ తీసి చూస్తే ఆ రాత్రి నేనున్నది బల్హార్షాలో, డ్యూటీ దిగిన రైలు సిబ్బంది పడుకునే రన్నింగ్ రూమ్‌లో! "జేబులో రెండు ఐదువందలు, ఒక యాభై. ఛాయ్ పైసలు ఇంకొకాయన ఇచ్చాడు" అని ఉంది. పోపుల డబ్బా సంగతి రెండు రోజుల తర్వాతది. మీ అత్తమ్మ ఇప్పటికీ ఈ మాట ఎత్తి నవ్వుతుంది. చంద్రయాన్-3 దిగిన రోజు పేజీలో కూడా దేశం సంగతి, ఇంటి సంగతి రెండూ ఉన్నాయి, 2023 ఆగస్టు 23, సాయంత్రం 6 గంటల 4 నిమిషాలు, కింద "పాలు పొంగిపోయాయి, ఎవరూ లేవలేదు" అని.

ఇప్పుడు నా తప్పు చెబుతా విను. 2014 జూన్ 1 రాత్రి, తెల్లారితే తెలంగాణ, బయట పటాకులు, మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, నిద్రపోకుండా మంచంలో కూర్చుని రజాకార్ల కాలం చెప్పుకొచ్చింది. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చి నిజాం లొంగిపోయేనాటికి తనకు పదేళ్లు. గంటకు పైగానే చెప్పింది, మేమంతా వింటూ కూర్చున్నాం. నేను రాసుకున్నది ఏమిటో తెలుసా? "అమ్మ పాత సంగతులు చెప్పింది. చాలా సంతోషపడింది." ఇంతే! ఏ ఊరికి పారిపోయారు, ఎవరి ఇంట్లో దాక్కున్నారు, ఏం తిన్నారు, ఒక్కటి లేదు. ధాన్యం గురిగిలో ఏదో దాచిపెట్టారని లీలగా గుర్తు, ఏం దాచారో గుర్తు లేదు, అడుగుదామంటే అమ్మ లేదు. అందుకే సంతోషపడింది, బాధపడింది అని రాసి ఊరుకోకు. ఆ మనిషి నోటి నుంచి వచ్చిన మాటే రాయి, యాసతో సహా, తప్పులుంటే తప్పులతో సహా. ఒక్క వాక్యం చాలు.

ఇంకొకటి, చూసింది, చదివింది, విన్నది కలిపెయ్యకు. నేను పక్కన చూ, చ, వి అని గుర్తు పెడతాను. 2023 జూలై చివరి వానలప్పుడు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడిందని "చ" పెట్టి రాశాను, మా వాకిట్లో బకెట్ తేలుతూ గేటు దాకా పోయింది "చూ". అదే రాత్రి పక్క ఊరి చెరువు కట్ట తెగిందని ఫోన్లు వచ్చాయి, "వి" పెట్టాను. తెల్లారి చూస్తే కట్ట బాగానే ఉంది. దాన్ని కొట్టేయలేదు, ఆ రాత్రి మేం పడ్డ టెన్షన్ నిజమే కదా. తెలియక రాసింది తర్వాత దిద్దకు, కావాలంటే కింద ఇవాళ్టి తేదీ వేసి ఇంకో ముక్క రాయి.

పెన్ను మామూలు బాల్‌పెన్ వాడు. 2020 ఆగస్టు వానలకు అప్పుడు హన్మకొండలో ఉన్న మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చి, మంచం కింద పెట్టెలోని నోట్‌బుక్కులన్నీ తడిశాయి. ఇంకు పెన్నుతో రాసినవి నీలి మరకలయ్యాయి, బాల్‌పెన్‌వి ఫ్యాన్ కింద ఆరబెడితే చదవడానికి వచ్చాయి. పెట్టె ఇప్పుడు అటక మీద ఉంది. ఫోన్లో రాసుకుంటానంటావా, రాసుకో, నెలకోసారి ప్రింటు మాత్రం తీయించు.

ధరలు రాయి. పాల ప్యాకెట్, ఆటో, కట్టింగ్ షాపు, ఇవి ఇప్పుడు చప్పగా ఉంటాయి కానీ పదేళ్లకు అందరికంటే ముందు వాటినే వెతుకుతావు. పక్కింటి గుట్టు మాత్రం రాయకు, మీ అత్తమ్మ నా నోట్‌బుక్కులన్నీ చదివేసింది, నాకు తెలియకుండానే.

ఇవాళ రాత్రే మొదలుపెట్టు, మూడు వరుసలు చాలు. నాకు ఫోటో తీసి పంపకు. నాకు చూపించాలని రాస్తే మళ్లీ చల్లగాలి దగ్గరికే వస్తావు.

మీ మామయ్య
కాజీపేట