చౌకగా వస్తుందని స్లీవ్ ఆపరేషన్ ఎంచుకోవద్దు

ప్రశ్న: నా వయసు 38. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. ఆరేళ్లుగా మధుమేహం ఉంది, మందులు వాడుతున్నా అదుపులోకి రావడం లేదు. గుండెల్లో మంటతో రాత్రిళ్లు నిద్ర ఉండదు. బరువు తగ్గించే స్లీవ్ ఆపరేషన్‌కు రూ.3.5 లక్షలు, జీర్ణాశయ బైపాస్‌కు రూ.4.2 లక్షలు అవుతుందన్నారు. పాప చదువు కోసం దాచిన రూ.4 లక్షల ఎఫ్‌డీ తీసి స్లీవ్ చేయించుకుందామనుకుంటున్నాను. కంపెనీ ఇచ్చిన రూ.5 లక్షల బృంద బీమా ఊబకాయానికి వర్తించదని తోటివారు అంటున్నారు. రెండు నెలల్లో ఉద్యోగం మారాలనుకుంటున్నాను. - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా ఆ ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. తోటివారి మాట పూర్తిగా నిజం కాదు. బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన నిబంధన ప్రకారం బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే అంకె) 40 లేదా అంతకు మించి ఉన్నా, 35 లేదా అంతకు మించి ఉండి అదుపులేని టైప్-2 మధుమేహం వంటి తీవ్ర సమస్య ఉన్నా, వైద్యుడి సలహాతో చేసే ఈ శస్త్రచికిత్సను ఊబకాయం పేరుతో తోసిపుచ్చకూడదు. మీ బీఎంఐ సుమారు 38.3. అయితే 35 నుంచి 40 మధ్య ఉన్నవారు ఇతర మార్గాల్లో ప్రయత్నించి విఫలమైనట్లు చూపాలి. డైటీషియన్ రాసిన చీటీలు, పాత చక్కెర పరీక్షలు, మందుల రశీదులు అన్నీ ఒక ఫైలులో పెట్టండి. బృంద బీమాలో కంపెనీని బట్టి షరతులు మారతాయి కాబట్టి పాలసీ పత్రాన్ని మానవ వనరుల విభాగం నుంచి అడిగి తీసుకుని చదవండి.

అందులోనే గది అద్దె పరిమితి చూడండి. బీమా మొత్తంలో ఒక శాతం అని ఉంటే మీకు రోజుకు రూ.5,000. మీరు రూ.10,000 గది తీసుకుంటే కోత గది అద్దెతో ఆగదు, వైద్యుల ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చుల్లోనూ సగం మీ మీద పడవచ్చు. ప్యాకేజీలో స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌ల (జీర్ణాశయాన్ని కత్తిరించి పిన్నులతో మూసే పరికరంలో వాడే పిన్నుల సెట్ల) ఖర్చు కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఈ ఆపరేషన్లలో బిల్లు పెరిగేది చాలావరకు వాటివల్లే.

ఇక ఎంపిక. స్లీవ్‌లో జీర్ణాశయంలో దాదాపు 75-80 శాతం తీసేస్తారు, దాన్ని మళ్లీ పెట్టలేరు. గుండెల్లో మంట ఉన్నవారికి స్లీవ్ తర్వాత అది ఎక్కువయ్యే అవకాశం ఉంది. అలాంటి కొందరికి తర్వాత బైపాస్‌గా, అంటే తిన్నది జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని తప్పించుకుని చిన్నపేగులోకి వెళ్లేలా, మార్చాల్సి వస్తుంది. అప్పుడు ఈరోజు మిగిలిన రూ.70 వేలు రెండో ఆపరేషన్ బిల్లులో ఒక మూలకు కూడా సరిపోవు. బైపాస్ సాధారణంగా మంటను తగ్గిస్తుంది, మధుమేహంపైనా బాగా పనిచేస్తుంది. కానీ విటమిన్ బి12, ఇనుము, కాల్షియం జీవితాంతం మరింత శ్రద్ధగా వేసుకోవాలి. ఏది సరైనదో ఎండోస్కోపీ చూశాక సర్జనే తేల్చాలి. ఆ నిర్ణయంలో రూ.70 వేల తేడాకు చోటివ్వకండి. బీమా ఒప్పుకుంటే ఆ తేడా చాలావరకు మీ జేబులోంచి పోదు.

మాత్రలకు, ఏటేటా రక్తపరీక్షలకు సాధారణంగా బీమా రాదు. వాటికి నెలకు రూ.2,000 పక్కన పెట్టండి. బరువు తగ్గాక వేలాడే చర్మాన్ని అందం కోసం తీయించుకుంటే ఆ ఖర్చూ మీదే.

నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఉద్యోగం మార్పు. మానేసిన రోజుతో బృంద బీమా సాధారణంగా ముగుస్తుంది. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే ముందే ఉన్న మధుమేహానికి 36 నెలల వరకు ఆగాల్సి రావచ్చు. కొత్త కంపెనీ పాలసీలో ఏముందో మీకింకా తెలియదు. ఈ వారమే ఎండోస్కోపీ చేయించుకుని, ఆసుపత్రి ద్వారా బీమా సంస్థ ముందస్తు అనుమతికి పంపండి. ఆపరేషన్, ఆ తర్వాతి రెండు మూడు వారాల విశ్రాంతి పూర్తయ్యాకే రాజీనామా ఇవ్వండి.