ఇంజన్ విప్పే ముందు రేడియేటర్ మూత తీసి చూడండి

ప్రశ్న: మాది నరసరావుపేట. 2012లో మా మామగారు కొన్న ఇన్నోవా డీజిల్ బండి 2,60,000 కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల శ్రీశైలం వెళ్తుంటే దోర్నాల దాటాక ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. గంటసేపు ఆపి, నీళ్లు పోసి మెల్లగా తెచ్చుకున్నాం. మా మెకానిక్ ఇంజన్ బోర్‌కొచ్చింది, 1,50,000 అవుతుందంటున్నాడు. ఒక బ్రోకర్ ఉన్నది ఉన్నట్టుగా మూడున్నర లక్షలకు అడుగుతున్నాడు. ఇంట్లో ఏడుగురం. బాగు చేయించమంటారా, అమ్మేయమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇప్పుడే ఏదీ తేల్చుకోకండి. బండి వేడెక్కడం వేరు, బోర్‌కు రావడం (అంటే ఇంజన్ సిలిండర్ల లోపలి గోడలు అరిగిపోవడం) వేరు. బోర్ అరిగితే సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది, ఆయిల్ తగ్గిపోతుంటుంది, పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి గుప్పుగుప్పున పొగ తన్నుతుంది. మీ ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు.

రేపు పొద్దున బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు (వేడిగా ఉంటే మాత్రం ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు మొహం మీదకు ఎగజిమ్ముతాయి) మీవారిని రేడియేటర్ మూత తీయమని చెప్పి, మీరూ పక్కనే నిలబడి చూడండి. లోపల నీళ్లు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉన్నాయా? అలా ఉంటే కూలెంట్ బదులు ఎన్నాళ్లుగానో ఉత్త నీళ్లే పోస్తున్నారన్నమాట, రేడియేటర్ గొట్టాలు పూడుకుపోయి ఉంటాయి. తర్వాత మూత తీసే ఉంచి స్టార్ట్ చేయించండి. బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య బిగించే పలుచని సీల్) మీద అనుమానపడాలి. ఆయిల్ పోసే మూత లోపలివైపు పాలు ఎక్కువైన టీ రంగులో జిగురు పట్టి ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నట్టే, అప్పుడిక బండి కదపొద్దు.

ఇవేవీ కనిపించకుండా, హైవే మీద బాగానే ఉండి ఘాట్‌లో, ట్రాఫిక్‌లో మాత్రమే ముల్లు పైకి పోతుంటే ముందు రేడియేటర్ ఫ్యాన్‌ను తిప్పే కప్లింగ్, ఇంజన్ వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్, రేడియేటర్ చూపించండి. ఇవి ఇంజన్ దించకుండానే అయ్యే పనులు.

వీటి తర్వాత ఇంకో మెకానిక్ దగ్గర కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి నిలుస్తోందో కొలిచే పరీక్ష) చేయించి, నాలుగు సిలిండర్ల రీడింగులూ కాగితం మీద రాయించుకోండి. నాలుగూ దగ్గర దగ్గరగా, సరిపడా ఉంటే బోర్ పని అక్కర్లేదు. రీడింగ్ చూపించకుండా ఇంజన్ విప్పుతానన్న మనిషికి నేనైతే తాళం ఇవ్వను. గాస్కెట్ పోయిందని తేలితే హెడ్ లేత్ వర్క్‌షాప్‌కు పంపి వంపు చూపించి, అవసరమైతే ఫేసింగ్ (అడుగు చదునుగా గీయడం) చేయించాల్సిందే. అది చేయకుండా కొత్త గాస్కెట్ వేస్తే నెలల్లో మళ్లీ అదే పాట. విప్పినప్పుడే టైమింగ్ బెల్ట్ కూడా మార్పించేయండి, అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ మొత్తానికే ఎసరు.

నిజంగా బోరే అని తేలినా నేను అమ్మమని చెప్పను, బాడీ కింద తుప్పు లేకపోతే. ఏడుగురు కూర్చునే ఇన్నోవా కొత్తది కొనాలంటే ఇప్పుడు ట్యాక్స్, ఇన్సూరెన్స్‌లతో కలిపి 20 లక్షల పైమాటే, ఆ మూడున్నర లక్షలు ఎందులోకి సరిపోతాయి? ఒక్క లెక్క మాత్రం చూసుకోండి. 2027లో బండికి 15 ఏళ్లు నిండుతాయి, ఆర్‌సీ రెన్యువల్‌కు ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ ఖర్చు ఉంటుంది. చాసిస్ తుప్పు పట్టిందనుకోండి, ఇంజన్ మీద లక్షన్నర పోయకుండా బ్రోకర్‌కు ఇచ్చేయండి.

అంతవరకు ఘాట్‌లు వద్దు. దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి పక్కకు తీయండి, వేడి ఇంజన్ మీద చన్నీళ్లు మాత్రం పోయకండి, హెడ్ పగిలిపోతుంది. కంప్రెషన్ రీడింగులు వచ్చాక ఆ నాలుగు అంకెలూ నాకు రాసి పంపండి, ఏం చేయాలో అప్పుడు చెబుతాను.