టెక్ సందేహాలు: బహుమతి గెలిస్తే ఎదురు డబ్బు కట్టాలా?

ప్రశ్న: టీవీ క్విజ్‌లో ఇంటి నుంచి ఆడే పోటీకి మా అమ్మ రోజూ ఫోనులో జవాబులు పంపుతుంది. ఇప్పుడు వాట్సాప్‌లో 25 లక్షల లాటరీ తగిలిందని ఒక వాయిస్ మెసేజ్, ఆమె నంబరు ముద్రించిన సర్టిఫికెట్ వచ్చాయి. పన్ను కింద ముందుగా 12 వేలు కట్టి, వాళ్లు పంపిన యాప్ వేసుకోమంటున్నారు. ఆమె నిజంగానే ఆడుతోంది కదా, నమ్మవచ్చా?
- ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

నమ్మవద్దు. ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఇదే ఉత్తరం ఊరు మార్చుకుని నాకు వస్తూనే ఉంది. ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ పేరు చెప్పి 25 లక్షలు ఎర చూపే ఈ మోసం ఏళ్ల తరబడి సాగుతోంది. చాలా మెసేజ్‌లు +92తో మొదలయ్యే నంబర్ల నుంచి వస్తాయి, అది పాకిస్తాన్ కోడ్. మీ అమ్మగారు ఆడుతున్న సంగతి వాళ్లకు తెలియదు. లక్షల నంబర్లకు వల వేస్తారు. అందులో నిజంగా ఆడేవాళ్లు కొందరు ఉండనే ఉంటారు, చిక్కేది వాళ్లే.

పన్ను మాట వినగానే చదువుకున్నవాళ్లు కూడా మెత్తబడుతున్నారు. టీవీ పోటీలో గెలిచిన సొమ్ము మీద 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే. అయితే సొమ్ము 10 వేలు దాటితే ఆ పన్నును బహుమతి ఇచ్చేవాళ్లే పట్టుకుని, మిగిలినది మీకిస్తారు. పట్టుకున్న మొత్తం మీ పాన్ నంబరు కింద ఆదాయపు పన్ను శాఖ లెక్కల్లో కనిపిస్తుంది. బహుమతి కారు లాంటి వస్తువైతే, చేతికి ఇచ్చే ముందే పన్ను చెల్లింపు పూర్తి కావాలి. మోసగాళ్లు పట్టుకునే కొస ఇదే. అప్పుడు కూడా ఆ పన్ను ప్రభుత్వ ఖాతాకు వెళుతుంది తప్ప, ‘లాటరీ మేనేజర్’ యూపీఐ నంబరుకు కాదు.

నన్ను ఎక్కువగా భయపెడుతున్నది ఆ 12 వేలు కాదు, ఆ యాప్. ప్లే స్టోర్‌లో దొరకని యాప్‌ను ఏపీకే ఫైలుగా, అంటే ఫోనులో నేరుగా వేసుకునే ఫైలుగా వాట్సాప్‌లో పంపుతారు. వేసుకోగానే అది ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. మొదటిది ఇస్తే బ్యాంకు పంపే ఓటీపీ మీరు చూసేలోపే వాళ్లకు చేరుతుంది. రెండోది ఇస్తే తెర మీద ఉన్నదంతా చదివి, మీ వేలి అవసరం లేకుండా తానే బటన్లు నొక్కగలదు. చూపు తగ్గినవాళ్లకు సాయపడాలని పెట్టిన సదుపాయం దొంగ చేతికి తాళంచెవి అయింది. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు దీనికి అడ్డు పెడుతున్నాయి, కానీ ఆ అడ్డు ఎలా తీయాలో మోసగాడే ఫోనులో దగ్గరుండి చెబుతాడు. ఏడాది తిరిగేసరికి అప్‌డేట్లు ఆపేసే చవక ఫోన్లలో ఆ అడ్డయినా ఉండదు. హెచ్చరికను సన్నని అక్షరాలతో, పెద్దవాళ్లకు రాని భాషలో చూపించి, ‘అనుమతించు’ బటన్‌ను మాత్రం మెరిసేలా పెట్టడం తయారీదారుల బాధ్యతారాహిత్యం.

యాప్ ఇప్పటికే వేసుకుని ఉంటే ముందు ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. మరో ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి కార్డులు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. డబ్బు పోయి ఉంటే ఎంత త్వరగా చెబితే అంత మంచిది. మెసేజ్‌లు, నంబర్లు రుజువు కోసం భద్రపరచి, ఆ తర్వాతే ఫోను మొత్తం రీసెట్ చేయండి. యాప్‌ను తొలగించి ఊరుకుంటే చాలదు.

ఇక చానెళ్ల సంగతి. 2007లో కేబీసీ (కౌన్ బనేగా కరోడ్‌పతి) మూడో సీజన్‌లో ‘హర్ సీట్ హాట్ సీట్’ అని ప్రేక్షకుల పోటీ నడిపారు. సరైన జవాబు పంపినవాళ్లలో ఒకరిని ఎంపిక చేసి 2 లక్షలు ఇచ్చేవారు. ఎస్ఎంఎస్ ధర 2 రూపాయల 40 పైసలు. ప్రేక్షకులు కట్టిన డబ్బే బహుమతిగా తిరిగొస్తోందని కేసు పడింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో పోటీ నడిపినవాళ్లను కోటి రూపాయలు కట్టమంది. ఆ ఆరోపణకు తగిన ఆధారం లేదంటూ సుప్రీంకోర్టు 2019లో ఆ తీర్పు కొట్టేసింది. బ్రిటన్‌లో జీఎంటీవీ అనే చానెల్ ఇంకా దారుణం. ఫోన్ లైన్లు తెరిచి ఉండగానే విజేతల జాబితా ఖరారు చేసి, ఆ తర్వాత కూడా జనం నుంచి డబ్బు పడే కాల్స్ తీసుకుంది. 2007లో 20 లక్షల పౌండ్ల జరిమానా పడింది.

బహుమతి పథకం ముగిశాక ఫలితాలను పాల్గొన్నవాళ్లకు తెలియకుండా దాచడం మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కూడా అనుచిత వ్యాపారమే. అయినా విజేత పేరు తెర కింద రెండు క్షణాలు పరుగెత్తి మాయమైతే ఎవరు చూడగలరు? నంబరులో చివరి నాలుగు అంకెలు, ఊరు, తేదీ రాసి చానెల్ తన సొంత సైట్‌లో ఒకే చోట రోజూ పెడితే చాలు. ఖమ్మంలో ఉన్న తల్లి ఆ జాబితా చూసి, తన నంబరు లేదని తెలుసుకుని, ఫోను పక్కన పెట్టేస్తుంది. ఇంత చిన్న పని చేయడానికి వీళ్లకు ఇన్నేళ్లు చాలలేదా?

ప్రశ్న: క్విజ్‌ను టీవీలో యాప్ ద్వారా చూస్తూ ఫోనులో ఆడుతున్నాను. ప్రశ్న తెర మీదికి వచ్చేసరికే ఫోనులో గడువు ముగుస్తోంది. నెట్ ప్లాన్ మార్చాలా?
- విజయనగరం నుంచి ఒక పాఠకుడు

మార్చకండి, డబ్బు దండగ. స్ట్రీమింగ్‌లో వీడియోను చిన్న ముక్కలుగా కోసి, కొన్నింటిని ముందుగా నిల్వ చేసుకున్నాకే చూపిస్తారు. అందుకే డిష్ టీవీలో వచ్చే బొమ్మ కంటే అరనిమిషం వెనకబడినా ఆశ్చర్యం లేదు. నెట్ వేగం పెంచినా ఆ ఎడం పెద్దగా తగ్గదు. కేబుల్ లేదా డిష్ కనెక్షన్ ఉంటే అందులో చూస్తూ ఆడండి. అది లేనివాళ్ల కోసం, ఎవరు ఏ దారిలో చూస్తున్నారో గమనించి గడువు సర్దాల్సిన పని యాప్ చేసినవాళ్లది.