మిన్నెసోటా చలిలో కోళ్ళు: చెల్లెలి కొడుక్కి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

డాలస్ వదిలి రోచెస్టర్ దగ్గర ఇల్లు కొన్నారని, పెరట్లో కోళ్ళు కూడా పెట్టారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. గూడు బాగుంది. కానీ చలికాలం వస్తోందని కంతలన్నిటికీ ప్లాస్టిక్ కొట్టేసి, పైన వేడి కోసం ఎర్ర బల్బు వేలాడదీశావు చూడు, ఆ రెండూ ఈ వారమే తీసెయ్.

కోడికి చలంటే అంత భయం లేదురా. దాని ఒంటి వేడే దాదాపు 106 ఫారెన్‌హీట్. ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటే ఆ వేడి అంత తేలిగ్గా బయటికి పోదు. దాన్ని దెబ్బతీసేది తేమ. రాత్రంతా అవి వదిలే ఊపిరిలోనూ వేసే రెట్టలోనూ బోలెడు నీరుంటుంది. గూడు బిగించేస్తే ఆ ఆవిరికి దారిలేక కప్పుకీ గోడలకీ పడుతుంది, తురాయిలకీ పడుతుంది. ఆ తడితోనే తురాయి కొసలు గడ్డకట్టి నల్లబడతాయి. చలికి తట్టుకునే జాతి కోడి పొడి గూట్లో మైనస్ 20 ఫారెన్‌హీట్ రాత్రిని కూడా గడిపేస్తుంది. అంత చలి లేకపోయినా తడి గూట్లో పాడవుతుంది.

తెల్లారగానే వెళ్ళి కిటికీ అద్దం లోపలివైపు చూడు. మంచు పేరుకుని ఉన్నా, తలుపు తీయగానే ముక్కుకి ఘాటు కొట్టినా గాలి చాలట్లేదన్నమాట. గాలి కంతలు చూరు కింద, కోళ్ళ తలలకి బాగా ఎత్తులో ఉండాలి. కింద మాత్రం గాలి దూరకూడదు. అవి కూర్చునే కర్ర దగ్గర టిష్యూ కాగితం పీలిక పట్టుకుని చూడు. రెపరెపలాడిందంటే గాలి నేరుగా వాటిమీదికే కొడుతోంది, ఆ పక్క ఒక చెక్క అడ్డం పెట్టు. కంతలకి అరంగుళం కన్నాల ఇనప జాలీ కొట్టు. మామూలు కోళ్ళ వైరు సందుల్లోంచి వీజెల్ (ముంగిసలా సన్నగా ఉండి కోళ్ళని చంపే జంతువు) దూరిపోతుంది.

బల్బు సంగతి. ఎండు పొట్టు, ఈకలు, దుమ్ము ఉన్నచోట 250 వాట్ల దీపం పెట్టడం నాకైతే గుండె దడ. ఇక్కడ ప్రతి చలికాలం ఎక్కడో ఒకచోట గూళ్ళు తగలబడుతూనే ఉంటాయి. పైగా వెచ్చదనానికి అలవాటు పడ్డాక అర్ధరాత్రి కరెంటు పోతే వాటి గతేమిటి?

కూర్చునే కర్ర గుండ్రంది వద్దు. టూ-బై-ఫోర్ (రెండంగుళాలు బై నాలుగంగుళాల) చెక్కని వెడల్పు వైపు పైకి ఉండేలా బిగించు. వేళ్ళు చాపుకుని కూర్చుంటాయి, పొట్ట ఈకలు పాదాలమీద దుప్పటిలా పడతాయి. కింద చెక్క పొట్టు మందంగా పోసి, తడిసినచోట తీసి కొత్తది వెయ్యి.

అసలు పని నీళ్ళదే. అడుగున వేడి ప్లేటున్న నీళ్ళ డబ్బా కొను, డబ్బులకి చూసుకోకు. వెడల్పు గిన్నె పెడితే తాగేటప్పుడు గడ్డం కింద వేలాడే తోలు తడిసి గడ్డకడుతుంది, పుంజుకైతే మరీను. నీళ్ళు అందకపోతే తిండి కూడా తగ్గించేస్తాయి. సాయంత్రం గూటికెక్కే ముందు గుప్పెడు మొక్కజొన్న వెయ్యి, రాత్రంతా అరుగుతూ ఒంట్లో వేడి పుట్టిస్తుంది. రోజంతా మాత్రం గుడ్లు పెట్టే కోళ్ళకి అమ్మే లేయర్ మేతే.

డిసెంబరులో గుడ్లు తగ్గాయని టెన్షన్ పడకు. పెట్టకి 14 గంటల వెలుగు కావాలి, ఇక్కడ పగలు దాదాపు 9 గంటలే. నేనైతే లైటు పెట్టను, వాటికీ నాలుగు రోజులు విశ్రాంతి కావాలి. పెట్టిన గుడ్లు మాత్రం వెంటనే తెచ్చుకో, గడ్డకట్టి పగులుతాయి.

అసీల్ పిల్లలు దొరుకుతాయా అని అడిగావు. మన పందెం కోడి తురాయి చిన్నదే గానీ ఈక పలచన, ఈ చలికి పనికిరాదు. సంక్రాంతి సరదా గానీ మనసులో ఉంటే ఇప్పుడే తీసెయ్, పందేలు ఈ దేశమంతటా నేరం. వయాన్‌డాట్ జాతి తీసుకో, లేదా కెనడాలోని క్యూబెక్‌లో ఒక సన్యాసి చలికోసమే తయారుచేసిన షాంటెక్లేర్ జాతి. తురాయి నెత్తికి అంటుకుని ఉంటుంది, ఈక దట్టం. తెల్ల లెగ్‌హార్న్ గుడ్లు బాగా పెడుతుంది గానీ దాని పెద్ద తురాయి ఇక్కడ నిలవదు.

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి తురాయి కొస పాలిపోతుంది. రుద్దకు, హెయిర్ డ్రయర్ పెట్టకు. గరాజ్‌లోకి తెచ్చి మెల్లగా వేడెక్కనివ్వు. నల్లబడిన ముక్క కొయ్యకు, ఎండి దానంతటదే రాలుతుంది.

బాతులు కూడా పెంచాలనుంటే, అవి చలికి కోళ్ళకన్నా గట్టివి. కానీ ముక్కు ముంచేంత నీళ్ళు కావాలి, వాటితో చుట్టూ చిత్తడి చేస్తాయి. కోళ్ళ గూట్లో పెట్టకు, వేరే పాకలో గడ్డి పరిచి పెట్టు. అడవి బాతులు వాలేచోట మేత మాత్రం వదలకు. వాటినుంచి బర్డ్ ఫ్లూ అంటుకోవచ్చు. 2015లో అది వచ్చి ఈ రాష్ట్రంలో టర్కీ కోళ్ళు లక్షల్లో పోయాయి, 2022లో మళ్ళీ వచ్చింది.

కోడల్ని అడిగానని చెప్పు. నీళ్ళ డబ్బా ఏది కొనాలో తేల్చుకోలేకపోతే ఆదివారం ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ