రాయబారి హోదా లేదు, రక్షణ ఉంది

ప్రశ్న: చైనాతో అమెరికాకు 1979 దాకా దౌత్య సంబంధాలే లేవంటారు. మరి 1973లోనే వాషింగ్టన్‌లో చైనా ఆఫీసు ఎలా తెరిచింది? అందులో పనిచేసేవాళ్లను పోలీసులు పట్టుకుంటే?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ రెండో ప్రశ్నలోనే అసలు చిక్కంతా ఉందండీ. రాయబార కార్యాలయంలోకి పోలీసులు అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు, రాయబారిని అరెస్టు చేయకూడదు అని 1961 నాటి వియన్నా ఒప్పందం చెబుతుంది. అయితే అది దౌత్య సంబంధాలు పెట్టుకున్న దేశాల సంగతి. 1973లో అమెరికా లెక్కలో చైనా అంటే తైవాన్‌లోని చాంగ్ కై షేక్ ప్రభుత్వమే. వాషింగ్టన్‌లో ఎంబసీ కూడా వాళ్లదే.

ఆ ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ భద్రతా సలహాదారు కిసింజర్ బీజింగ్ వెళ్లి, రెండు రాజధానుల్లోనూ లైజాన్ ఆఫీసులు (ఎంబసీ హోదా లేని సంప్రదింపుల కార్యాలయాలు) పెట్టుకునేలా మాట కుదుర్చుకొచ్చారు. ఎంబసీ అంటే తైవాన్‌ను వదులుకోవాలి, అందుకే ఆ పేరు. తీరా చూస్తే అలాంటి ఆఫీసుకు చట్టంలో చోటే లేదు. ఎవరైనా కేసు వేస్తే, అక్కడి ఉద్యోగి మామూలు విదేశీయుడిలా కోర్టు మెట్లెక్కాల్సిందే.

అందుకని ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ చిన్న చట్టం చేసింది. ఎంబసీలకుండే హక్కులు, రక్షణలు ఈ ఆఫీసుకూ, సిబ్బందికీ వర్తింపజేసే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చింది. షరతులు ఆయనే నిర్ణయించుకోవచ్చు. నిక్సన్ ఉత్తర్వు 1974 మార్చిలో వచ్చింది. ముహూర్తం పెట్టకుండానే విడిదింట్లో మగపెళ్లివారి మర్యాదలన్నీ జరిపించినట్టే!

వచ్చినవాళ్లూ తక్కువవాళ్లు కాదు. చైనా తరఫున హువాంగ్ జెన్, అంతకుముందు పారిస్‌లో రాయబారి. అమెరికా తరఫున బీజింగ్ వెళ్లిన డేవిడ్ బ్రూస్ పారిస్, బాన్, లండన్ మూడుచోట్లా రాయబారిగా చేసినవాడు. ఆయన తర్వాత వెళ్లిన జార్జ్ బుష్ (అవును, తర్వాత అధ్యక్షుడైన పెద్ద బుష్) భార్యతో కలిసి బీజింగ్ వీధుల్లో సైకిల్ తొక్కేవారు.

ఇక పోలీసుల మాట. రక్షణ ఉంది కదాని ఏం చేసినా చెల్లుతుందనుకోకండి. ఆ రక్షణ మనిషిది కాదు, పంపిన దేశానిది. ఆ దేశం కావాలంటే వదులుకోవచ్చు. వదులుకోకపోతే, ఆ మనిషిని వెనక్కి పిలిపించుకోమని ఆతిథ్య దేశం కారణం చెప్పకుండానే అడగవచ్చు.

1979లో బీజింగ్‌కు ఎంబసీ వచ్చింది, తైవాన్‌ది పోయింది. అప్పుడు కాంగ్రెస్ తైవాన్ కోసం మరో చట్టం చేస్తూ, అక్కడినుంచి వచ్చే అనధికార ఆఫీసుకు ఇలాంటి రక్షణలే ఇచ్చే అధికారాన్ని అధ్యక్షుడికి మళ్లీ కట్టబెట్టింది.