వెల్ష్ (బ్రిటన్‌లోని వేల్స్ భాష): ‘కార్డిఫ్‌లో’ అనడానికి యాప్ ఒకలా, సహోద్యోగి ఇంకోలా అంటే?

ఇద్దరూ కరెక్టేనండి. మీ యాప్ నేర్పే ‘అంగ్ ఙ్హైర్‌డీద్’ పుస్తక భాష. మీ సహోద్యోగి పలికే ‘అన్ గైర్‌డీద్’ ఈ రోజు చాలామంది నోట వినిపించేదే.

కార్డిఫ్ ఊరికి వెల్ష్‌లో పేరు కైర్‌డీద్. ‘లో’ అనే విభక్తి (‘అన్’) వెల్ష్‌లో పేరుకి ముందు వస్తుంది. అది వస్తే మొదటి ‘క’ అనునాసికం (ముక్కుతో పలికే ‘ఙ్హ’) కావాలని వ్యాకరణం. కానీ ‘కి’, ‘నుంచి’ లాంటివి ముందొస్తే ‘క’ కాస్తా ‘గ’ అవుతుంది: ఈ గైర్‌డీద్, ఓ గైర్‌డీద్. మన ‘వాడు + కొట్టె = వాడుగొట్టె’ గుర్తొచ్చిందా? ఇలా సరళాలయ్యే మార్పే అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉంది కాబట్టి, జనం దాన్నే ‘లో’కి కూడా అంటగట్టేశారు. కొందరైతే ఏ మార్పూ లేకుండా ‘అన్ కైర్‌డీద్’ అనేస్తారు.

‘నా’ తర్వాత కూడా ఇంతే. తాద్ అంటే నాన్న. ‘మా నాన్న’కి పుస్తకంలో ‘వ న్హాద్’, కుర్రకారు మాటల్లో ‘తాద్ వీ’ వినిపిస్తుంది. దీని మీద పెద్దలు విసుక్కుంటారు, అది వేరే సంగతి.

నాకు తమాషాగా అనిపించేది వ్యతిరేకార్థం. పాత భాషలో క్రియకు ముందు ‘నీ’ ఉండేది. మాటల్లో అది రాలిపోయి, వెనక వచ్చే ‘దిమ్’ ఒక్కటే కాదనే పని చేస్తోంది. అయినా ‘నీ’ తెచ్చిన హల్లు మార్పు మాత్రం చాలాచోట్ల క్రియ మొదట్లో అలాగే ఉండిపోయింది!

ఆఫీసులో సహోద్యోగిలాగే మాట్లాడండి. పరీక్షలోనో, దరఖాస్తులోనో మాత్రం యాప్ చెప్పినట్టు రాయండి.