హెచ్‌పీ5కు డీ-76 మంచిదా, రోడినాల్ మంచిదా? ముందు నీళ్లు, వేడి చూడండి

నల్లగొండలో ఇంట్లోనే ఫిల్ము రీళ్లు కడుగుతున్నానని (డెవలప్ చేస్తున్నానని), హెచ్‌పీ5 ప్లస్ అనే ఇల్‌ఫర్డ్ బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకు డీ-76, రోడినాల్ అనే రెండు డెవలపర్ మందుల్లో ఏది సరిపోతుందో ఎట్లా పరీక్షించాలని ఒకరు అడిగారు. డీ-76తో మొదలుపెట్టండి. 400 స్పీడు ఫిల్ముకు రోడినాల్ వాడితే గ్రెయిన్ (బొమ్మలో కనబడే చుక్కలు) ముతకగా లేస్తుంది, నీడల్లో వివరం తగ్గుతుంది. ఒకసారి తెరిచి వాడిన సీసా కూడా ఏళ్ల తరబడి చెడకపోవడమే దాని గొప్ప. కానీ మన దగ్గర నెగెటివ్‌లు పాడయ్యేది ఎక్కువగా వేడితోనే, బోరు నీళ్లతోనే. ఆ రెండూ చేతిలోకి రాకముందు డెవలపర్లను పోల్చితే ఆ రోజు ఎండను పరీక్షించినట్టే.

చార్టుల్లో ఉండే టైములు 20 డిగ్రీలవి. హెచ్‌పీ5 ప్లస్‌కు డీ-76 ఒకటికి ఒకటి నీళ్లు కలిపితే 11 నిమిషాలు. ఎండకాలంలో 20 కోసం ఐసుతో తంటాలు పడొద్దు. ట్యాంకులో పోసిన మందు సగం టైము గడిచేలోపే వేడెక్కుతుంది, మీ లెక్క తప్పుతుంది. 24 ఖాయం చేసుకోండి. డిగ్రీకి సుమారు పదో వంతు టైము తగ్గుతుంది కాబట్టి ఏడున్నర నిమిషాలు. డీ-76 నీళ్లు కలపకుండా పోస్తే ఆ వేడికి 5 నిమిషాలకు దిగుతుంది, అంత తక్కువ టైములో ఆకాశం చారలు చారలుగా వస్తుంది. డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్ మందు, బొమ్మను నిలిపే ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ ఒకే టబ్బులో 24 దగ్గర ఉంచండి. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం పనికిరావు. తెల్లవారుజామున పట్టి కుండలో పోసి పెట్టుకోండి. వేడికి ఫిల్ము మీది జెలటిన్ పూత మెత్తబడి ఉంటుంది, గోరు తగిలినా గీత పడుతుంది.

మందు కలపడానికి, చివరి కడుగుకు ఆర్వో క్యాన్ నీళ్లే వాడండి. ఆరిన నెగెటివ్ మీది తెల్ల మచ్చలు ఫ్లోరైడ్ అని చాలామంది అనుకుంటారు. కాదు, అది బోరు నీళ్లలోని కాల్షియం.

ఇక అసలు పరీక్ష. పొద్దున నీడపట్టున గోడకు నల్ల గొంగడి, పక్కనే తెల్ల తువ్వాల ఆరేయండి. ఫోను మీటరును 400 మీద పెట్టి గొంగడిని దగ్గరగా కొలవండి, దానికన్నా రెండు స్టాపులు తగ్గించండి (ఒక స్టాపు తగ్గిస్తే ఫిల్ము మీద పడే వెలుతురు సగమవుతుంది). ఆ లెక్కన ఒక ఫ్రేము, దానికన్నా ఒక స్టాపు తక్కువగా ఒకటి, ఒక స్టాపు ఎక్కువగా ఒకటి, లెన్సు మూత పెట్టి ఒకటి. ఈ నాలుగింటి వరసనే రీలంతా తిప్పి తిప్పి తీయండి. అప్పుడు చీకటి సంచిలో ఎక్కడ కత్తిరించినా ప్రతి ముక్కలో కనీసం రెండు పూర్తి వరసలు మిగులుతాయి. లీడర్ (రీలు మొదటి ఖాళీ కొస) పోను 46 సెంటీమీటర్లకు 12 ఫ్రేములు. మూడు ముక్కలను ఒక్కోటి 6, 7.5, 9 నిమిషాలు డెవలప్ చేయండి. మొదటి 30 సెకన్లు ఆపకుండా తిప్పాలి, తర్వాత నిమిషానికి 10 సెకన్లు. తిప్పిన ప్రతిసారీ ట్యాంకును కింద తట్టకపోతే గాలి బుడగలు గుండ్రటి మచ్చలు పెడతాయి.

మూత పెట్టిన ఫ్రేము కాగితం మీద పూర్తి నలుపు అయ్యే కనిష్ఠ టైము పట్టుకుని, అదే టైముతో అన్నింటికీ కాంటాక్ట్ ప్రింట్ (నెగెటివ్‌ను కాగితానికి ఆనించి తీసే ప్రింటు) తీయండి. గొంగడి పోగులు కనబడకపోతే ఎక్స్‌పోజర్ పెంచాలి. డెవలపింగ్ ఎంత పొడిగించినా అవి రావు. తువ్వాల నేత కనబడకుండా అంతా తెల్లగా అయిపోతే డెవలపింగ్ టైము పదిహేను శాతం తగ్గించాలి. డబ్బా మీద 400 ఉన్నా, నా దగ్గర గొంగడి నిండుగా వచ్చేది మీటరును 200 మీద పెట్టినప్పుడే. స్కానర్‌లో చూసేవాళ్లు ఆటో సర్దుబాటు ఆపేయాలి. ఆటోలో స్కాన్ చేసి పక్కపక్కన పెట్టే పోలికల మీద నాకు నమ్మకం లేదు, తేడాలన్నీ అదే చెరిపేస్తుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. 36 ఫ్రేముల రీలుకు నీళ్లు కలపని డీ-76 250 మిల్లీలీటర్లు కావాలి, అంటే కలిపాక 500. చిన్న ట్యాంకులో 300 పోస్తే ముక్కకు సరిపోతుంది కానీ పూర్తి రీలుకు మందు ముందే అలసిపోవచ్చు, తెల్లటి భాగాలు నెగెటివ్‌లో పలచబడతాయి. అందుకే పరీక్షకైనా పెద్ద ట్యాంకులో 500 పోయండి, కుదిరిన టైమును ఒక పూర్తి రీలుతో ఖాయం చేసుకోండి. గడువు దాటిన రీళ్లు, పాత ఇందు (హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్) రీళ్లు ఈ పనికి వద్దు, వాటి ఫాగ్ (వెలుతురు తగలకున్నా పట్టే మసక) ఒక్కో రీలుకు ఒక్కో తీరు.

ఇంత అయ్యాక రోడినాల్ చూడాలంటే ఒకటికి 50 నీళ్లు, 20 డిగ్రీలకు 11 నిమిషాల నుంచే లెక్క వేసి, అదే గొంగడి, అదే తువ్వాలతో తీయండి.